నాలుగిండ్ల బొంత

పోయిన వారం నా మనవరాలు బడి నుంచి ఒక డబ్బా తెచ్చింది. దాంట్లో పదహారు అట్టముక్కలున్నాయి, ఒక్కొక్కటి బిస్కెట్టంత. ఎరుపువి నాలుగు, పసుపువి నాలుగు, ఆకుపచ్చవి నాలుగు, నీలివి నాలుగు. ప్రతి రంగు మీదా ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు.

నేను నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. నా ముందు ఆ ముక్కలన్నీ కుమ్మరించింది.

"అవ్వా, వీటిని నాలుగు వరుసలు పేర్చాల. అడ్డం చూసినా నిలువు చూసినా ఒక అంకె రెండుసార్లు రాకూడదు. ఒక రంగు గుడక రెండుసార్లు రాకూడదు. మా క్లాసులో ఎవురికీ రాలేదు. నీకసలే రాదులే."

వంటింట్లో నుంచి మా కోడలు నవ్వింది. "అవ్వకు టీవీ రిమోటే పట్టుకునేది రాదు. ఆమెను యాల సతాయిస్తాండావే?"

నేను నవ్వలేదు. నా చేతులు చిక్కుడుకాయల్లో ఆగిపోయాయి. ఆ అంకెల చోట నాకు ముడులు కనపడ్డాయి. దారపు ముడులు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"రాదు పాపా" అని ముక్కలన్నీ డబ్బాలో వేసి మూసేశాను. ఆ రోజంతా సరిగ్గా తినలేదు. ఈ సంగతి నేను మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన పోయి ఏడేండ్లయింది. ఇక చెప్పకుండా నేనూ పోతానేమో అని ఇప్పుడు చెప్తున్నాను. నాకు చేవ్రాలు వరకే వచ్చు. నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది.

మా ఊరు బద్వేలు పక్క. అక్కడ గోడలకు నాపరాళ్ళు, నేలకు నాపరాళ్ళు, పైకప్పుకూ నాపరాళ్ళే. ఎండాకాలం మధ్యాహ్నం నేల మీద కాలు పెడితే రొట్టె పెనం మీద పెట్టినట్టే. సాయంత్రం అమ్మ నీళ్ళు చల్లేది. బండ బుస్సుమని ఆవిరి వదిలేది. ఆ తడి రాతి వాసన నాకు మల్లెపూల వాసన కంటే ఇష్టం. ఇప్పుడు కర్నూలులో మా ఇంట్లో తెల్లటి నున్నటి బండలు. నీళ్ళు చల్లితే జారిపడతారంటారు.

నాయన రాళ్ళ గనిలో పని చేసేవాడు. పక్షానికొకసారి ఇల్లు చేరేవాడు, తల నిండా రాతి పొడితో. గడపలో నిలబడితే మా తాతే వచ్చాడేమో అనిపించేది. నీళ్ళు పోసుకున్నాక మళ్ళీ నాయన అయ్యేవాడు.

అమ్మ బొంతలు కుట్టేది. ఊర్లోవాళ్ళు పాత కోకలు, పంచెలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. సవుడు మట్టి వేసి ఉడకబెట్టి, ఉతికి, ఆరేసి, నాలుగు పొరలు పరిచి పెద్ద సూదితో కుట్టేది. ఎంత ఉతికినా ప్రతి గుడ్డలో ఆ ఇంటి వాసన మిగిలేది. ఒక ఇంటిది ఆముదం వాసన, ఒక ఇంటిది పొగాకు, పసిపిల్లలున్న ఇంటిది చెప్పక్కర్లేదు. అమ్మ కండ్లు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని ఏ ఇంటి గుడ్డో చెప్పేది. నాకూ ఆ విద్య పట్టుబడింది. బడికి పంపలేదు గానీ వాసనలు, రంగులు, లెక్కలు నాకు అట్లనే వచ్చాయి.

నేను మంచిదాన్నేం కాదు. రంగు బాగున్న ముక్క కనపడితే బొమ్మ కోసం పావడాలో దోపుకునేదాన్ని. అమ్మ కుడుతూ కుడుతూ లేస్తే సూది తీసి చూరులో గుచ్చేదాన్ని. ఆమె ఇల్లంతా వెతికేది.

"మింగినావేందిమే సూదిని? నోరు తెరువ్, సూస్తా!"

నేను నోరు తెరిచి చూపించేదాన్ని. పొద్దున తిన్న శనక్కాయ ఊరిబిండి ఎర్రగా నాలుక మీదే ఉండేది. అమ్మ నవ్వు ఆపుకోలేక వీపు మీద ఒకటి వేసేది.

ఊర్లో ఒక పెద్దిల్లు ఉండేది. వాకిట్లో వసారాకు నాలుగు రాతి స్తంభాలు. మా పిల్లలందరి నాలుగు స్తంభాలాట అక్కడే. ఆ ఇంటి ముసలామెను ఊరంతా పెద్దమ్మ అనేది. ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. వసారాలో నులకమంచం మీదే ఉండేది. "కాలు పడింది గానీ నోరు పడలేదు మాయత్తకు" అని మూడో కోడలు బావి దగ్గర అనేది. ఆ మాట పెద్దమ్మకు చేరేది. "నా నోరు పడితే నీ నోటికి అడ్డం యాడ ఉంటాదిమే" అని మంచం మీద నుంచే అరిచేది.

పెద్దమ్మకు నలుగురు కొడుకులు. చిన్న కొడుకు, పెండ్లయిన రెండో ఏడు, బావిలో పూడిక తీస్తుంటే మట్టి పెళ్ళ విరిగి మీద పడి పోయాడు. పిల్లల్లేరు. ఆయన భార్య, చిన్న కోడలు, నాకంటే పదేండ్లు పెద్ద, అంతే. చేతులకు గాజుల్లేవు, నొసట బొట్టు లేదు. వసారాలోకి రాకూడదు కాబట్టి తలుపు లోపల కూర్చుని మా ఆటకు తీర్పు చెప్పేది. నన్ను సూదిపిల్లా అని పిలిచేది.

"సూదిపిల్లా! నువ్వు ముందే కదిలినావు. నాకు కనపడ్లేదనుకోవాకు. దొంగవు నువ్వే."

శనక్కాయ పెరికే కాలం వచ్చింది. చేలల్లో పచ్చి కాయలు కాల్చుకుని తిని మా చేతులూ మూతులూ నల్లగా ఉండేవి. ఆ కాలంలోనే ఆ ఇంట్లో పంపకాల మాట మొదలైంది.

పెద్దమ్మ పుట్టిల్లు అహోబిలం అవతల ఒక పల్లె. ఆ పక్క ఒక వాడుక ఉండేదంట. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు తల్లి పేరున ఒక బొంత కుట్టించాలి. ఎన్ని ఇండ్లు వేరుపడుతుంటే అన్ని రంగులు. ఒక్కో ఇంటి నుంచి రంగుకొక గుడ్డముక్క తేవాలి. గళ్ళు గళ్ళుగా కుట్టాలి. అడ్డంగా చూసినా నిలువుగా చూసినా ఒక ఇల్లు ఒక్కసారే రావాలి, ఒక రంగు ఒక్కసారే రావాలి. అప్పుడు మా ఇంటిని మూలకు తోశారు అని ఏ కోడలూ అనడానికి ఉండదు. ఆ బొంత మీద పెద్దమనుషులు కూర్చుని భాగాలు పంచుతారు. తర్వాత తల్లి దాని మీద పడుకుంటుంది, పోయేదాకా. బొంతలో కూర్చున్న ఇంటికే భాగం.

మా ఊరికి అది కొత్త. కానీ పెద్దమ్మ పట్టుబట్టింది. పెద్ద కొడుకు పెద్దమనుషుల ముందు సరేనని తల్లి చేతిలో చెయ్యేశాడు. గుడ్డముక్కలే కదా అనుకున్నాడు.

తర్వాత చిన్నగా అన్నాడంట: "అమ్మా, ఉన్నది ముగ్గురం. మూడిండ్ల బొంత కుట్టిస్తాం. తమ్ముడి పెండ్లానికి తిండీ గుడ్డా మేం సూసుకుంటాం."

పెద్దమ్మ మా అమ్మను పిలిపించింది. ఆ రోజు నేను ఊర్లో లేను, నాయనకు సంగటి, పచ్చిమిరక్కాయ కారం తీసుకుని గనికి పోయాను. ఏం జరిగిందో నాకు శానా రోజుల తర్వాత తెలిసింది. అమ్మ తొమ్మిది ముక్కలు బండ మీద పెట్టి అటూ ఇటూ జరిపి, ఒక గంట సేపు తల గోక్కుని, చివరికి అందంట: "రెండిండ్లకు కుదర్దు పెద్దమ్మా, అది సూడంగానే తెలుస్తాది. మూడిండ్లకు గుడక కుదర్దు. యాడో ఒక కాడ ఇల్లు మీద ఇల్లు పడతాంది. నాలుగైతేనే సరిపోతాది."

పెద్దమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఇన్నావు కదప్పా. నాలుగే."

నేను గని నుంచి వచ్చేటప్పటికి ఊరంతా నాలుగిండ్ల బొంత మాటే. మూడు గురించి నాకెవరూ చెప్పలేదు. అమ్మా చెప్పలేదు. ఎనిమిదేండ్ల పిల్లకు ఎందుకులే అనుకుంది. నన్ను ఇండ్లకు పంపింది, గుడ్డలు తెమ్మని.

ముగ్గురు కోడండ్లు పెట్టె అడుగున ఉన్న వెలిసిపోయినవి వెతికి వెతికి ఇచ్చారు. చిన్న కోడలు గది దొడ్డి వైపు ఉండేది. నన్ను చూసి పెట్టె తెరిచింది. వేపాకు వాసన గుప్పుమంది. నీలం, పసుపు, ఆకుపచ్చ తొందరగానే కత్తిరించింది. ఎరుపు దగ్గర ఆగింది. ఉన్నది పెండ్లి కోక ఒక్కటే.

"కొంగు దిక్కు కోస్తే ఏడుపొస్తాది. లోపలి దిక్కు కోస్తా" అంది. కత్తెర పెట్టి కర్రుమని కోసింది. ముక్క నా చేతిలో పెట్టి గట్టిగా నొక్కింది.

"సూదిపిల్లా, మీయమ్మకు చెప్పు, బాగా కుట్టమని. ఆ బావి కింద రెండెకరాలు నా పేరున పడితే నేను ఈడనే ఉంటా. ఆయన పోయిన తావు అది, నా చేత్తో నేను దున్నిచ్చుకుంటా. పడకుంటే మా యన్న వాకిట్లో పేడ ఎత్తుకుంటా బతకాల. మా వదిన సంగతి నీకు తెల్దు. కుక్కకు గుడక లెక్కపెట్టి ముద్ద ఏస్తాది."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

అమ్మ ప్రతి ముక్క మూలకూ దారంతో ముడులు వేసింది. పెద్ద కోడలి ఇంటివాటికి ఒక ముడి, రెండో ఇంటివాటికి రెండు, మూడో ఇంటివాటికి మూడు, చిన్న కోడలివాటికి నాలుగు. పదహారు ముక్కలు. మా ఇంటి నేల బండలు చదరంగానే ఉండేవి, బండకొక ముక్క పెట్టి చూసుకునేవాళ్ళం.

అది కుదరదే! అమ్మ ఒక వరుస పేర్చి, రెండో వరుసలో ఇండ్లన్నీ ఒక బండ ఎడమకు జరిపింది, రంగులన్నీ ఒక బండ కుడికి జరిపింది. రెండో వరుస బాగానే వచ్చింది. మూడో వరుసకు వచ్చేటప్పటికి మొదటి వరుసలో పెట్టేసిన ముక్కే మళ్ళీ కావాల్సొచ్చింది. ఒకే ముక్కను రెండు చోట్ల ఎట్లా పెడతాం? తీసి మళ్ళీ. మళ్ళీ తీసి మళ్ళీ. సంగటి అడుగంటింది. మూడు రోజులు అట్లనే. అమ్మ మొహంలో భయం కనపడింది నాకు. బొంత కుదరకపోతే పెద్దమ్మకు ఇచ్చిన మాట పోతుందని భయపడుతోంది అనుకున్నాను. అది వేరే భయమని నాకేం తెలుసు?

నాలుగో రోజు పెద్దింటి వసారాలో ఆట. నలుగురం నాలుగు స్తంభాల దగ్గర, మధ్యలో దొంగ. మేము నలుగురం ఒకేసారి చుట్టూ పరుగెత్తాం, ఒకరి వెనక ఒకరం. గుద్దుకుని కింద పడ్డాం. తలుపు లోపల నుంచి చిన్న కోడలు పకపకా నవ్వింది.

"గొర్రెల మందా మీరు? ఒకరెనక ఒకరు యాల పోతారు? జతలు జతలుగా మారండి. నువ్వూ పక్కపిల్లా మారండి, వాళ్ళిద్దరూ మారతారు. ఇంకోసారి ఎదురుకు మారండి. ఇంకోసారి మూల నుంచి మూలకు. అప్పుడు ఎవురికీ ఎవురూ అడ్డం రారు."

నేను అక్కడే నిలబడిపోయాను. తర్వాత ఇంటికి పరుగెత్తాను.

రెండో వరుసలో ఇండ్లు పక్కకు జతగా మారాయి. ఒకటీ రెండూ, మూడూ నాలుగూ. రంగులు మాత్రం ఎదురుకు మార్చాను. మూడో వరుసలో ఇండ్లు ఎదురుకు, రంగులు మూలకు. నాలుగో వరుసలో ఇండ్లు మూలకు, రంగులు పక్కకు. చివరికి ఒక్క ముక్క మిగిలింది. అది పెద్ద కోడలి ఆకుపచ్చ ముక్క. ఖాళీగా ఉన్న ఒక్క బండ మీద సరిగ్గా కూర్చుంది.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. అడ్డం వేలు పెట్టి చూసింది, నిలువు వేలు పెట్టి చూసింది. నన్ను ఎత్తుకుంది. ఎనిమిదేండ్ల దాన్ని, కాళ్ళు నేలకు ఆనుతున్నా ఎత్తుకుంది. మెడ మీద ఆమె కన్నీళ్ళు పడ్డాయి. బొంత కోసం ఇంత ఏడవాలా అనుకున్నాను.

ఊరంతా తెలిసింది. బావి దగ్గర ఆడవాళ్ళు నా తల నిమిరారు. "చదవకుండానే ఇంత ఉంటే చదివితే ఇంకెంత ఉంటాదో" అన్నారు. నాకు కండ్లు నెత్తికెక్కాయి. అమ్మ పదహారు గళ్ళూ కుట్టడం మొదలుపెట్టింది. రెండు వరుసలు అయ్యాయి.

అప్పుడు పెద్ద కోడలు నన్ను వంటింటి వైపు పిలిచింది. లోపల నువ్వుల అత్తిరాసాలు, అదే అరిసెలు, కాలుతున్నాయి. పాకం వాసన, నెయ్యి వాసన. మా ఇంట్లో అవి పండక్కి కూడా లేవు.

"రామ్మా, కుచ్చో. నాలుగిండ్లది నువ్వే కనుక్కున్నావంట కదా?"

"ఊ."

"మీయమ్మకు రాలేదంట?"

"రాలేదు. నేనే చేసినా."

"అబ్బో!" ఒక అత్తిరాసం నా చేతిలో పెట్టింది, వేడిది. "అయితే మూడిండ్లది మాత్రం ఎవురికీ రాదులే. మీయమ్మ గంట సేపు కుచ్చోని కుదర్దనింది. ఆమెకే రాకుంటే నీకేం వస్తాది?"

మూడా? అని నవ్వాను నేను. నాలుగు చేసినదాన్ని, మూడు నాకెంత? ఆమె అప్పటికే తొమ్మిది ముక్కలు కత్తిరించి, ముడులు కూడా వేసి ఒడిలో పెట్టుకుని ఉంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఎందుకు పెట్టుకుందని నాకు అనుమానమే రాలేదు. వంటింటి బండల మీద పెట్టాను. ఇండ్లు ఎడమకు ఒకటి జరిపాను, రంగులు కుడికి ఒకటి జరిపాను. మూడో వరుసకు ఇంకొకటి. నాలుగింటి దగ్గర అమ్మను మూడు రోజులు ఏడిపించిన ఆ జరుపుడే, మూడింటి దగ్గర గిన్నె మీద మూత పడినట్టు పడింది. అత్తిరాసం నమిలేలోపు అయిపోయింది.

పక్క గదిలో నుంచి పెద్ద కొడుకు వచ్చాడు. గోచీ పంచె పైకి దోపుకుని నా ముందు గొంతుకూర్చున్నాడు. ఆ మనిషి ఎప్పుడూ మాలాంటి పిల్లలతో మాట్లాడడు.

"ఇంకొక్కసారి చెయ్యి పాపా."

చేశాను. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి చేశాను, వేగంగా, ఒక కన్ను మూసుకుని, గొప్ప కోసం. ఆయన వేలితో గాల్లో జరిపి చూసుకున్నాడు. పెద్ద కోడలు నా ఒడి నిండా అత్తిరాసాలు పోసింది.

ఇంటికి పోయి అమ్మ ముందు ఒడి విప్పాను. అమ్మ మూడో వరుస కుడుతోంది. ఒకటి తుంచి నోట్లో పెట్టుకుంది.

"ఎవురిచ్చినారు?"

"పెద్ద కోడలమ్మ. మూడిండ్లది నేను చేసి చూపించినా మా. నీకు రాలేదంట కదా!"

అమ్మ నమలడం ఆగింది. నోట్లో ఉన్నది మింగలేదు, ఉమ్మనూ లేదు.

"ఎవురు సూసినారు?"

"ఆమె, ఆయప్ప."

సూది గుడ్డలోనే వదిలి గోడకు ఆనుకుంది. అప్పుడు అంది: "నాకు రాక కాదు బిడ్డా. ఆ చిన్న పిల్లకు గూడు ఉంటాదని రాదనినా."

అంతే చెప్పింది. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.  దొడ్లోకి పోయి తిన్న అత్తిరాసాలన్నీ కక్కేశాను.

మరుసటి పొద్దున నన్నూ అమ్మనూ పిలిచారు. వసారాలో పెద్దమనుషులు ఐదుగురు. మంచం మీద పెద్దమ్మ. తలుపు లోపల చిన్న కోడలు, పైట తల మీదికి కప్పుకుని.

"పాపా, నిన్న చేసినట్లే చెయ్యి. భయపడాకు" అన్నాడు పెద్ద కొడుకు. తొమ్మిది ముక్కలు నా ముందు వేశాడు.

దారిలోనే అనుకున్నాను, తప్పు చేస్తానని. అమ్మ నాకు చెప్పలేదు, నేనే అనుకున్నాను. మొదటి వరుస పెట్టాను. రెండో వరుసలో కావాలనే ఇండ్లనూ రంగులనూ ఒకే పక్కకు జరిపాను. ఇక ముక్కలు కలవవు. అటు ఇటు మార్చాను, తల గోక్కున్నాను, అమ్మ గోక్కున్నట్టే.

"రావడం లేదు" అన్నాను.

పెద్దమ్మ కండ్లు మెరిశాయి. "రావడం లేదంటాంది కదప్పా పిల్ల. పిల్లోల్లతో పంచాయితీ ఏంది?"

పెద్ద కొడుకు వంగాడు. నా చేతిలో ముక్క తీసుకున్నాడు. కోప్పడలేదు. మెత్తగా అన్నాడు: "నిన్న అట్ల చెయ్యలేదు కదా పాపా. ఇండ్లు ఈ దిక్కుకు, రంగులు ఆ దిక్కుకు."

రెండో వరుస తనే పేర్చాడు. మూడో వరుస తనే పేర్చాడు. నేను నేర్పినదాన్ని నాకే నేర్పించాడు. పెద్దమనుషులు మంచం దగ్గర నుంచి మెడలు చాచి అడ్డం చూశారు, నిలువు చూశారు. ఒకాయన తల ఊపాడు. "కుదిరింది."

"బొంత కుట్టే ఆమె కుదర్దనింది కదా?" అన్నాడు ఇంకొకాయన.

"ఆమెకు రాలేదు, పిల్లకొచ్చింది" అని పెద్ద కొడుకు అమ్మ వైపు చూశాడు. అబద్ధమాడిందని అనలేదు. అనకుండా వదిలేసినందుకు అమ్మ తల ఇంకా దిగింది.

పెద్దమ్మ బాగున్న చేత్తో మంచం పట్టె పట్టుకుని గోడ వైపు తిరిగింది. తలుపు దగ్గర నుంచి చిన్న కోడలు వెళ్ళిపోయింది. గాజుల్లేని మనిషి కాబట్టి వెళ్ళిన చప్పుడు కూడా లేదు.

మూడిండ్ల బొంత అమ్మే కుట్టింది. వేరే ఎవరికి వచ్చు? పంపకం అయింది. బావి కింద చేను పెద్ద కొడుకు భాగంలోకి పోయింది. ఆ బొంత మీద మాత్రం పెద్దమ్మ పడుకోలేదు. వాళ్ళు పరిస్తే కుడి కాలితో తోసేసింది. చలికాలం వచ్చినా వట్టి నులక మీదే పడుకుంది. ఆ చలికాలం దాటలేదు. మా అమ్మను ఆ ఇంటి పనికి మళ్ళీ పిలవలేదు.

చిన్న కోడలిని తీసుకుపోవడానికి వాళ్ళన్న వచ్చాడు. బద్వేలు బస్సు చింతచెట్టు దగ్గర ఆగేది. నేను చెట్టు వెనక దాక్కున్నాను. ఆమె పెట్టె మీద కూర్చుని ఉంది. చూడకుండానే పిలిచింది.

"సూదిపిల్లా, నీ పావడా కనపడతాంది. రా."

పోయాను.  అమ్మ కుట్టు విప్పి ఇచ్చి పంపిన నాలుగు ముక్కలు చాచాను, నాలుగు ముడులవి. ఆమె ఎరుపు ముక్కను వేలితో ఒకసారి తడిమింది. నా పిడికిలి మూసింది.

"నీ కాడనే ఉండనీ. నాకు యాడ పెట్టుకునేది?" అంది. నా మొహం చూసింది. "అట్ల సూడాకు. ఆటలో ఎవురో ఒకరికి స్తంభం దొరకదు లేమ్మే. నువ్వు శానా తెలివైనదానివి."

ఎత్తిపొడుపుగా అనలేదు. అట్లా అని ఉంటే ఇన్నేండ్లు నాతో ఉండేది కాదు ఆ మాట. బస్సు వచ్చింది. ఆ తర్వాత ఆమె సంగతి ఒక్కటీ తెలియలేదు. అడగడానికి నాకు మొహం లేదు.

అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నేను కప్పుకునే బొంతలో ఆ నాలుగు ముక్కలూ కుట్టింది, గుండెల దగ్గరికి వచ్చేట్టు. ముడులు విప్పలేదు. పెండ్లయి వచ్చేదాకా ఆ ముడులు నా ఒంటికి గుచ్చుకునేవి. ఆ తర్వాత నేనెప్పుడూ లెక్కల్లో, ఆటల్లో ముందు నోరు తెరవలేదు. మా ఆయన నన్ను మొద్దు అనేవాడు, ప్రేమగానే. సరే అనేదాన్ని.

ఆయన పోయిన పదహారో రోజు మా మరుదులు వసారాలో కూర్చుని ఇంటి మాట ఎత్తారు. నేను లోపలికి పోలేదు. తలుపు వెనక కూర్చోలేదు. వాళ్ళ మధ్యకు పోయి చాప మీద కూర్చున్నాను. "ఏం వదినా, ఈడ కుచ్చున్యావు?" అన్నారు. "నా తావు ఇదే" అన్నాను. ఆ ధైర్యం నాది కాదు. అది నా గుండెల దగ్గర నాలుగు ముడులు వేసిన మనుషులది. ఈ ఇల్లు అట్లా నిలిచింది.

నిన్న సాయంత్రం మనవరాలు మళ్ళీ డబ్బా తెచ్చింది. రేపు తిరిగి ఇచ్చేయాలంట, మొహం వేలాడేసింది. నేను నేల మీద కూర్చుని ముక్కలు తీసుకున్నాను. నా వేళ్ళు మరిచిపోలేదు. పక్కకు, ఎదురుకు, మూలకు. చివరి ముక్క ఒకటో అంకె, ఆకుపచ్చ. ఖాళీగా ఉన్న చోట కూర్చుంది.

పిల్ల నోరు తెరిచి చూసింది. అడ్డం చూసింది, నిలువు చూసింది. చప్పట్లు కొట్టింది. వాళ్ళమ్మను కేకేసింది. తర్వాత నాలుగో అంకెవన్నీ ఏరి, నీలివన్నీ ఏరి పక్కన పెట్టేసింది. తొమ్మిది ముక్కలు నా ముందుకు తోసింది.

"అవ్వా, మూడుది గుడక చెయ్యి. అది ఇంకా సులభం కదా?"

తెల్లటి బండ మీద ఆ తొమ్మిది ముక్కలు. పక్కన, తీసేసిన నాలుగో అంకెవాటిలో పైన ఎరుపుది.

ఆ ఎర్ర ముక్కను తీసి మళ్ళీ వాటి మధ్యలో పెట్టాను.

"కుదర్దు పాపా" అన్నాను. "మూడుకు కుదర్దు. నాలుగూ ఉండాల్సిందే."